యంత్రం కంటే ముందు ప్రశ్న: పరకాల పాఠకురాలికి సమాధానం

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లెటూరు. వరంగల్‌లోని ఒక ప్రైవేటు కళాశాలలో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి రెండేళ్లయింది. ఇంకా ఉద్యోగం రాలేదు. మా అమ్మ పత్తి ఏరడానికి కూలికి వెళ్తుంది. సాయంత్రానికి వేళ్లు గీసుకుపోయి, నడుము పట్టుకుపోయి ఇంటికి వస్తుంది. పత్తి ఏరే యంత్రం తయారుచేయాలని నా కోరిక. కానీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఒక్క ఆలోచనా రాదు. "అసొంటి మిషన్లు ఎప్పుడో వచ్చినయి, ఎవ్వరూ వాడ్తలేరు, నువ్వేం కొత్తగ కనిపెడ్తవ్" అని తెలిసినవాళ్లు అంటున్నారు. అసలు నాకు కనిపెట్టే తెలివి ఉందా? నాతో చదివినవాళ్లు స్థిరపడుతుంటే నా బతుకే ఎందుకిలా అయింది? పొద్దున లేస్తే ఈ రెండు ప్రశ్నలే మనసులో తిరుగుతున్నాయి.
(పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు, హనుమకొండ జిల్లా)

సమాధానం:

మీ ఉత్తరంలో మీరు ప్రశ్నలుగా రాసినవి రెండు, ఆ రెండూ మీ గురించినవే. అన్నింటికన్నా విలువైన వాక్యాన్ని మాత్రం మీరు ప్రశ్నగా రాయలేదు: మీ అమ్మగారు వేళ్లు గీసుకుపోయి, నడుము పట్టుకుపోయి ఇంటికి వస్తారన్న వాక్యం అది. "నాకు తెలివి ఉందా" అన్నదానికి ఉందని ఎవరైనా చెబితే కాసేపు ధైర్యం కలుగుతుంది, లేదని చెబితే ఆ రాత్రి నిద్ర ఉండదు. ఏ జవాబు వచ్చినా మరునాడు పొద్దున మీరు చేయవలసిన పని ఏమిటో అది చెప్పదు. కాగితం ఖాళీగా ఉండిపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదని, కాగితం మీద పెట్టిన ప్రశ్నకు పట్టు దొరికే చోటు లేకపోవడమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఇందులో మీ తప్పేమీ లేదు. ఒకటో తరగతి నుంచి ఇంజినీరింగ్ చివరి సంవత్సరం దాకా మన పిల్లలు ఇతరులు వేసిన ప్రశ్నలకే జవాబులు రాస్తారు. పరీక్షకు వారం ముందు "ఇంపార్టెంట్ క్వశ్చన్లు" చేతికందుతాయి, అవి చదివినవారికి మార్కులు వస్తాయి. ఏ ప్రశ్న అడగదగినదో నిర్ణయించే పనిని ఆ పదహారేళ్లలో ఎవరూ విద్యార్థికి అప్పగించరు. అటువంటి చదువు ముగిసిన మరునాడే "కొత్తది కనిపెట్టు" అంటే మనసు మళ్లీ ఎవరో ప్రశ్నపత్రం ఇస్తారనే ఎదురుచూస్తుంది. అందువల్ల ప్రశ్న తయారుచేయడం కూడా నేర్చుకోవలసిన పనే అనుకుని మొదలుపెట్టండి.

వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో ఉన్న ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారి పేరు మీరు వినే ఉంటారు. హైస్కూలు చదువు కూడా పూర్తిచేయలేకపోయిన నేతకుటుంబపు మనిషి ఆయన. పోచంపల్లి తరహా చీరలకు రంగులద్దే ముందు పేక నూలును అర్ధచంద్రాకారంలో అమర్చిన మేకుల చుట్టూ పోగు పోగుగా తిప్పుతూ ఆసు పోయాలి. ఒక్క చీరకే చేయి వేలసార్లు అటూ ఇటూ కదలాలి. ఆయన తల్లి లక్ష్మి గారికి ఆ పనితో భుజం నొప్పి పట్టింది. 1992లో మొదలుపెట్టిన ప్రయత్నం 1999లో "లక్ష్మీ ఆసు యంత్రం"గా పూర్తయింది, చేత్తో నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరకు వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ కథను మనం సాధారణంగా పట్టుదల కథగా చెప్పుకుంటాం. పట్టుదల నిజమే, కానీ ఏడేళ్లపాటు ఆ పట్టుదల నిలవడానికి ఆయన ఎంచుకున్న ప్రశ్న స్వభావం కూడా కారణమని నా అభిప్రాయం. ఒక చేయి చేసే కదలికను చేయి లేకుండా ఎలా చేయించాలన్న ప్రశ్నను ముక్కలు చేయవచ్చు: పోగును మేకు దాకా తీసుకువెళ్లేది ఏది, మేకు చుట్టూ తిప్పేది ఏది, తిప్పిన తర్వాత పక్క మేకుకు జరిపేది ఏది. ఒక్కొక్క ముక్కనూ కర్రతో, మోటారుతో, చేతికందిన సామానుతో పరీక్షించి చూడవచ్చు. చిట్టచివర మిగిలిన చిక్కుముడి హైదరాబాదులోని బాలానగర్‌లో పనిచేస్తున్నప్పుడు కనిపించిన మరో యంత్రం కదలికతో విడింది. ఆ యంత్రాన్ని అంతకుముందు ఎంతమంది చూసి ఉంటారు! ముక్కగా మిగిలిన ప్రశ్న ఒకటి మనసులో స్పష్టంగా ఉన్న మనిషికే అందులో జవాబు కనబడింది.

ఇప్పుడు పత్తి సంగతికి వద్దాం. "పత్తి ఏరే యంత్రం ఎలా తయారుచేయాలి" అన్న మీ ప్రశ్నలోనే సగం జవాబు ముందుగా దూరి కూర్చుంది, ఎందుకంటే కావలసింది యంత్రమేనని అది అప్పుడే తేల్చేసింది. దీన్ని కొంచెం వెనక్కి జరపాలి. ఇదే పంట మీద జరిగిన ఒక పాత సంగతి మీకు ఉపయోగపడుతుంది. అమెరికాలోని టెక్సాస్‌లో పుట్టి, చిన్నతనంలో చేలల్లో పత్తి ఏరిన జాన్ రస్ట్ అనే వ్యక్తి 1920ల చివర ఈ సమస్యను చేపట్టాడు. అప్పటికే ఎందరో పత్తిని లాగడానికి పళ్లున్న కదుళ్లతో యంత్రాలు చేసి ఉన్నారు. అవి పత్తిని బాగానే పట్టుకునేవి, పట్టుకున్నదాన్ని మాత్రం వదిలేవి కావు, పోగులు చుట్టుకుపోయి యంత్రం ఆగిపోయేది. అందరూ ఎలా పట్టుకోవాలన్న ప్రశ్న చుట్టూ తిరుగుతున్నప్పుడు, పట్టుకుని మళ్లీ సులువుగా వదిలేది ఏదన్న వైపు రస్ట్ ఆలోచన మళ్లింది. పొద్దుటి మంచులో పత్తి వేళ్లకు అంటుకునే సంగతి, తన ఇంటి పెద్దావిడ రాట్నం కదురును తడిపే సంగతి ఆయనకు గుర్తొచ్చాయి. తడిపిన నున్నని కదురుకు పత్తి అంటుకుంటుంది, ఆపైన తేలికగా ఊడివస్తుంది. ఆ సూత్రం మీద తయారైన యంత్రాన్ని 1936లో మిసిసిపి రాష్ట్రంలోని స్టోన్‌విల్‌లో అందరి ముందు నడిపి చూపారు.

అయితే రస్ట్ జవాబును తెచ్చి మన చేలల్లో పెట్టలేం. ఆ తరహా యంత్రానికి విశాలమైన చేలు కావాలి, మొక్కలు ఒకే ఎత్తున పెరగాలి, కాయలన్నీ దాదాపు ఒకేసారి పగలాలి, ఆకు ముందే రాలిపోవాలి. మన దగ్గర కాయ విడతలు విడతలుగా పగులుతుంది, అక్టోబరు నుంచి జనవరి దాకా మూడు నాలుగు ఏరుళ్లు సాగుతాయి, చేను ఎకరమో రెండెకరాలో ఉంటుంది. ఇక మీతో అన్నవాళ్లు చెప్పిన, చేతిలో పట్టుకునే బ్యాటరీ యంత్రాలను తీసుకోండి. బరువుగా ఉంటాయని, ఎండాకు చెత్త కలుస్తోందని వాటి మీద ఫిర్యాదులున్నాయి. "అవి వచ్చాయి, ఎవరూ వాడటం లేదు" అన్న మాట మీకు అడ్డుగోడలా తోచింది. నాకైతే అది ఉత్తరంలో దొరికిన మంచి సమాచారం. అవి ఏ ప్రశ్నకు జవాబుగా తయారయ్యాయో ఆలోచించండి: పగిలిన కాయలోంచి పత్తిని లాగడం ఎలా? కానీ లాగడం ఆ పనిలో సులువైన భాగం. అనుభవమున్న స్త్రీ రెండు చేతులతో ఏకకాలంలో ఏరుతుంది, పూర్తిగా పగలని కాయను, పురుగు తిన్నదాన్ని, రంగు మారినదాన్ని కంటితోనే వేరుచేసి వదిలేస్తుంది, ఎండాకు తగలకుండా వేళ్లు పోనిస్తుంది. ఆ కన్ను చేసే పనిని వదిలేసి చేయి చేసే పనిని మాత్రమే యంత్రానికి అప్పగిస్తే, రెండు చేతుల స్థానంలో ఒక్క గొట్టం మిగిలింది. ఏరుడు కూలి కిలోల లెక్కన ఇచ్చే చోట అటువంటి సాధనాన్ని ఎవరు పట్టుకుంటారు?

కాబట్టి యంత్రం బొమ్మ గీయడం కొంతకాలం ఆపి, మీ అమ్మగారితో, ఆమెతోపాటు వెళ్లే స్త్రీలతో చేనులో పూర్తి రోజు గడపండి. పొద్దున మంచు ఆరేదాకా వాళ్లు ఎందుకు ఆగుతారో, ఒడి నిండిన తర్వాత బరువు మెడ మీద పడుతోందా, నడుము మీద పడుతోందా, నిండిన ఒడిని బోరెం (పత్తి నింపే పెద్ద సంచి) దాకా మోయడానికి ఎంత దూరం నడుస్తున్నారో, మొక్క ఏ ఎత్తున ఉన్నప్పుడు వంగవలసి వస్తోందో గమనించండి. వేళ్లు గీసుకుపోవడమే తీసుకుంటే, ఎండిన కాయ డొప్పల మొనలు వేలికి ఏ వైపు తగులుతున్నాయి? గోరు పక్కనా, మొదటి కణుపు దగ్గరా? కుడిచేతికి ఎక్కువా, ఎడమచేతికా? పత్తి వేలికి తగలాలి, డొప్ప మొన తగలకూడదు అన్నంత సన్నగా ప్రశ్న వచ్చిందంటే మీ కాగితం ఇక ఖాళీగా ఉండదు, ఎందుకంటే అది వేలితొడుగు ఆకారాన్ని తానే సూచిస్తోంది. ఈ బాధల్లో యంత్రం అవసరం లేనివే ఎక్కువ కావచ్చు. మెకానికల్ పట్టా ఉంది కాబట్టి మోటారు పెట్టి తీరాలన్న నియమం లేదు.

అడిగే తీరు గురించి కూడా ఒక మాట చెప్పాలి. "మిషన్ చేస్తే వాడ్తవా పెద్దమ్మా" అని అడిగితే, మీ మనసు నొప్పించడం ఇష్టంలేక "ఎందుకు వాడను బిడ్డా" అంటారు. ఆ జవాబు వల్ల మీకేమీ తెలియదు. "నిన్న రాత్రి పండుకునేటప్పుడు ఏం నొచ్చింది?", "ఏ చేను ఏరేటప్పుడు ఎక్కువ గీసుకపోతది?", "గీసుకపోకుంట నువ్వేం చేస్తవు?" అని అడగండి. చివరి ప్రశ్నకు వచ్చే జవాబులను అక్షరం పొల్లుపోకుండా రాసుకోండి. పాత గుడ్డ చుట్టుకునేవారు, సాక్సు ముక్క తొడుక్కునేవారు ఉంటే వారు ఆ సమస్య మీద ఇప్పటికే పనిచేస్తున్నవారు, మీకంటే ముందున్నవారు.

ఇంకొక ప్రశ్నను మొదటి రోజే మీ పుస్తకంలో రాసుకోమని ప్రత్యేకంగా కోరుతున్నాను: ఈ సాధనం వస్తే లాభం ఎవరికి చేరుతుంది? ఆసు యంత్రం వచ్చినప్పుడు మిగిలిన సమయం ఆ నేతకుటుంబానికే దక్కింది. కూలిపని అలా కాదు. తన యంత్రం వల్ల చేలల్లో బతికే పేదలు పని కోల్పోతారని రస్ట్ నిజంగా కలత చెందాడు, యంత్రాలు ఎవరికి, ఏ షరతుల మీద ఇవ్వాలన్నది తన చేతిలో ఉంచుకోవాలని ప్రయత్నించాడు. అది సాగలేదు. 1950, 1960 దశకాల్లో అమెరికా దక్షిణాది చేలల్లో చేతి ఏరుడు దాదాపు కనుమరుగైంది. మీ అమ్మగారి నొప్పిని తగ్గించే సాధనం, మీ అమ్మగారి అవసరాన్నే తీసివేసే సాధనం వేర్వేరు ప్రశ్నల నుంచి పుడతాయి. ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో ఎంచుకునే హక్కు ఇవాళ మీ చేతిలో ఉంది, వస్తువు తయారైన తర్వాత అంతగా ఉండదు.

మీ రెండో ప్రశ్నకు, అంటే బతుకు గురించిన ప్రశ్నకు వెళ్లేముందు మన జనగామ వైపు సంగతి ఒకటి చెప్పాలి. ఆముదం, వేరుశనగ వంటి పంటల మీద ఎర్ర గొంగళి పురుగు దండులా వచ్చి పడి చేలకు చేలు తినేసే రోజుల్లో రైతులందరి ప్రశ్న ఒక్కటే: ఏ మందు కొట్టాలి? ఒంటినిండా నూగు పెరిగిన పురుగు మీద మందు సరిగా పనిచేయదు, అప్పు మాత్రం పెరుగుతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి రైతులు 1997, 98లో ఆ అప్పుల బరువుకు ఎలా నలిగిపోయారో మీ ఊళ్లో పెద్దలను అడిగితే చెబుతారు. గొంగళి పురుగు విషయంలో దారి దొరికింది మందు మారినప్పుడు కాదు, పురుగుగా మారకముందు అది ఎక్కడ ఉందని అడిగినప్పుడు. అది నేలలో కోశస్థ దశలో, అంటే గూడు కట్టుకున్న ప్యూపాగా నిద్రపోతుంది, తొలకరి వానలకు రెక్కల పురుగై బయటికి వస్తుంది, వెలుగు వైపు ఆకర్షితమవుతుంది. కాబట్టి వేసవి దుక్కి దున్ని కోశాలను ఎండకు, పక్షులకు అప్పగించవచ్చు, తొలి వానలు పడ్డ రాత్రుల్లో చేలగట్ల మీద మంటలు వేసి గుడ్లు పెట్టకముందే వాటిని అంతం చేయవచ్చు. ఒక్కరు మంట వేస్తే చాలదు, ఊరంతా ఒకే రాత్రి వేయాలి. అందుకని ఆ ప్రశ్న మనుషులను కూడా దగ్గరకు తెచ్చింది. లింగాల ఘనపురం మండలంలోని ఏనబావి ఇటువంటి పద్ధతుల మీదుగా నడిచి, 2006 నాటికి రసాయన పురుగుమందులను, ఎరువులను పూర్తిగా మానిన ఊరుగా పేరు తెచ్చుకుంది.

"నా బతుకే ఎందుకిలా అయింది" అన్న మాటలో ఉన్న బాధను నేను తేలిక చేయడం లేదు. బాధ కలిగినప్పుడు మనిషి అలా అనుకోవడం సహజం, దానికి జవాబు చెప్పడం కన్నా పక్కన కూర్చోవడం మేలు. కానీ రోజూ పొద్దున అదే ప్రశ్నతో లేస్తే అది దోషిని వెతకడం మొదలుపెడుతుంది. ఒకరోజు కళాశాల, ఒకరోజు ఇంటి పేదరికం, చివరకు మీరే దోషిగా తేలుతారు. పురుగు విషయంలో "ఎందుకు" అన్నది నేల దాకా వెళ్లి కంటితో చూడగల చోట ఆగింది. మీ "ఎందుకు" కూడా అలా చూడగల చోట ఆగాలంటే దాన్ని "ఏ దశలో" అని మార్చండి. ఈ రెండేళ్లలో మీరు ప్రయత్నించిన ప్రతి ఉద్యోగాన్నీ వరుసగా రాసి, ప్రతిదాని ఎదుట ఎక్కడ ఆగిందో రాయండి: దరఖాస్తు దగ్గరా, రాతపరీక్ష దగ్గరా, ఇంటర్వ్యూ దగ్గరా, లేక దూరమని ఇంట్లో వద్దన్నారా? దరఖాస్తు దగ్గరే ఆగుతుంటే చేయవలసిన పని ఒకటి, ఇంటర్వ్యూ దగ్గర ఆగుతుంటే పూర్తిగా వేరొకటి. స్థిరపడిన మీ స్నేహితురాళ్లను చూసి కుమిలిపోయే బదులు వారిలో ఒకరికి ఫోన్ చేసి, మొదటి ఉద్యోగం గురించి ఎవరి ద్వారా తెలిసిందని అడగండి. చాలాసార్లు తెలివిలో లేని తేడా ఆ జవాబులో కనబడుతుంది.

దుఃఖం నుంచి మంచి ప్రశ్నలు పుట్టవని కూడా అనుకోవద్దు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తన ఇద్దరు సోదరులను స్ప్రూ అనే, తిన్నది ఒంటపట్టని పేగుల వ్యాధికి పోగొట్టుకున్నారు. ఆ తర్వాతి కాలంలో అమెరికాలో ఆయన నడిపిన పరిశోధక బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగింది, అది స్ప్రూ చికిత్సకు పనికివచ్చింది. మన ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రల్లో ఐరన్‌తోపాటు ఉండేది అదే. రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్లం సంబంధిత పదార్థాలు ఇస్తే వ్యాధి వేగం పెరుగుతున్నట్టు సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు గమనించినప్పుడు, అలాగైతే దాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే ఏమవుతుందన్న ఎదురు ప్రశ్న పుట్టింది. అటువంటి పదార్థాన్ని సుబ్బారావు గారి బృందమే తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాల్లో, చికిత్స పొందిన 16 మంది పిల్లల్లో 10 మందికి తాత్కాలికంగానైనా మెరుగు కనిపించింది. విఫలమైన ప్రయత్నాన్ని తిరగవేసి అడగడం వల్ల దొరికిన దారి అది.

కొన్ని ఆచరణ విషయాలు చెబుతాను. దొరికిన ఉద్యోగం చిన్నదైనా చేరండి, ఈ పని దానితోపాటు సాగనివ్వండి, నమూనా కోసం అప్పు చేయవద్దు. "నౌకరి వచ్చిందా, పెండ్లెప్పుడు" అని అడిగేవాళ్లకు వివరణలు ఇవ్వవలసిన అవసరం లేదు. "ప్రయత్నంల ఉన్న అత్తమ్మా" అని చెప్పి మీ పని మీరు చూసుకోండి. వారి ప్రశ్నను మీ మనసులోకి తెచ్చి రాత్రంతా మీరే మళ్లీ అడుక్కోవడం మాత్రం మానాలి. నిద్ర, ఆకలి తప్పిపోయి వారాల తరబడి ఇదే భారం ఉంటే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ, తెలుగులోనే మాట్లాడవచ్చు.

వరంగల్ ములుగు రోడ్డులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి వెళ్లి పత్తి శాస్త్రవేత్తలను కలవండి. గ్రామీణ ఆవిష్కర్తలకు తోడుగా నిలిచే పల్లె సృజన సంస్థ హైదరాబాదులో ఉంది, మల్లేశం గారి కృషి బయటి ప్రపంచానికి తెలియడంలో దాని పాత్ర ఉంది. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ చేపట్టిన "ఇంటింటా ఇన్నోవేటర్" కార్యక్రమం గురించి జిల్లా కలెక్టరేట్‌లో వాకబు చేయండి. ఎవరి దగ్గరకు వెళ్లినా యంత్రం బొమ్మ కంటే ముందు, చేనులో మీరు రాసుకున్న పుస్తకాన్ని చూపించండి. అక్టోబరులో మొదటి ఏరుడు మొదలయ్యేలోపు ఇద్దరు ముగ్గురు స్త్రీల వేళ్ల కొలతలు తీసుకుని, గుడ్డతోనో పలుచని రబ్బరుతోనో ఒక తొడుగు కుట్టి ఉంచండి. మొదటి ఏరుడులో వారు దాన్ని ఎంతసేపు తొడుక్కున్నారో, ఎప్పుడు తీసి పక్కన పెట్టారో రాసుకుంటే, రెండో ఏరుడు వచ్చేలోపు దాన్ని మార్చడానికి మీకు కొన్ని వారాలు దొరుకుతాయి.